కాలి యెముక సాక్ష్యము



ధర్మపురి మా యూరు. గోదావరీస్నానమునకును, నరసింహస్వామి దర్శనమునకును దూరదేశముల నుండి జనులు వచ్చు క్షేత్రమది. రేవు మెట్లమీద కూర్చుండి పెద్దలు చెప్పుకొను పాతకాలపు మాటలు వినుచు నేను పెరిగితిని. వరదల ముచ్చట్లు, కరవుల ముచ్చట్లు, ముత్తాతల నాటి ముచ్చట్లు వింటిని. నేడు నేను చెప్పబోవు సంగతి మాత్రము ఆ పెద్దల ముత్తాతలకును అందనిది. మనుష్యుడన్నవాడు భూమిమీద పుట్టకముందు, ఈ గోదావరి యీ దారిని పారుటకుముందు జరిగినది. అయినను దాని సాక్ష్యము మన చేలలోనే యున్నది.

మొదట నా తప్పొకటి యొప్పుకొందును. నాకు పండ్రెండేండ్ల ప్రాయమున మా తాతగారి యూరికి పోయియుంటిని. ఆ యూరు గోదావరి కావలియొడ్డున, తూర్పుగా, ఎర్రమన్ను చేల నడుమ నున్నది. వానలకు తెగిన చేనిగట్టును పాలేరు కట్టుచుండగా గడ్డపారకు ఖంగున రాయి తగిలెను. తీసి చూడగా అది మామూలు రాయి కాదు. మోచేతినుండి మణికట్టు వరకుండునంత పొడవు, రెండు కొసలను బుడిపెలు. పాలేరు దానిని చూచి "ఇది రాకాసి బొక్క, దొరా, ముట్టకు" మనెను. మా ప్రాంతమున ఎముకను బొక్క యందురని మీ రెరుగుదురు. లోపల ఏమున్నదో చూతమను పిల్లతనముతో నేను దానిని బండపై వేసి పగులగొట్టితిని. నడుమ నొక సన్నని బోలు; అందు తెల్లని రాతిపలుకులు. అది చూచి, ముక్కలను గట్టులోనే పారవేసి, ఆటకు పోయితిని.

ఎన్నో యేండ్లకు హైదరాబాదునందలి బిర్లా విజ్ఞానకేంద్రములో కోటసారస్ అను మహాజంతువు యొక్క ఎముకలగూడు ముందు నిలుచున్నప్పుడు ఆ రాయి జ్ఞాపకము వచ్చెను. ఆ గూటి యెముకలు మన పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి దగ్గర దొరికినవి. నేను పగులగొట్టినది ఏ జంతువు ఎముకయో నేటికిని నాకు తెలియదు. ఇక తెలియు దారియు లేదు. ఆ చింతయే నాచేత ఈ ప్రసంగము చేయించుచున్నది.

ఇప్పుడు ఆ నేల సంగతి చెప్పెదను. ధర్మపురినుండి నదివెంట దిగువకు పోయిన మంచిర్యాల, మంథని దాటి, కాళేశ్వరము దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. ఈ రెండు నదుల నడుమను, వాని యొడ్డులను వాయవ్యమునుండి ఆగ్నేయమునకు పొడవైన రాతిపట్టీ యొకటి పరచుకొనియున్నది. సింగరేణి బొగ్గు దొరకునది ఈ పట్టీలోనే. బొగ్గుపొరలు అడుగువి, అవి 25 కోట్ల సంవత్సరములకు పైబడినవి. వానిపై ఇసుకరాళ్లు, ఎర్రని బంకమన్ను రాళ్లు, సున్నపురాళ్లు పొరమీద పొరగా పేరుకొన్నవి. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ పొరలకు పెట్టిన పేర్లు మన యూళ్ల పేర్లే. క్రిందినుండి పైకి చెప్పవలెనన్న ఎర్రపల్లి, భీమారము, మాలేరి, ధర్మారము, చివరకు ప్రాణహిత కావలియొడ్డున నున్న కోట. ప్రపంచమున ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను ఈ పేర్లను ఇట్లే పలుకవలెను. ఈ జాతి రాళ్లన్నిటికిని కలిపి గోండ్వానా యని పేరు. అది గోండుల దేశమునుబట్టి వచ్చినది.

ఈ పొరలు చాపలవలె సమముగా పరచియుండక ఏటవాలుగా వ్రాలియున్నవి. కావున ఆ ప్రాంతమున నైరుతినుండి ఈశాన్యమునకు నడచిపోవువాడు అడుగడుగునకు పాత కాలమునుండి క్రొత్త కాలమునకు పోవుచున్నవాడే యగును. పదిమైళ్ల నడకలో కోట్ల సంవత్సరములు గడచిపోవును. వానిలో మాలేరిపొర యెర్రనిది. దాదాపు 22 కోట్ల సంవత్సరములకు పూర్వము అక్కడ వంకలు తిరుగు నదులును, వాని వరదమన్ను పరచిన మైదానములును ఉండెను. చచ్చిన జంతువు వరదమన్నులో పూడిపోయినప్పుడు మాంసము కుళ్లిపోయెను. ఎముకయొక్క సూక్ష్మరంధ్రములలోనికి నీటితో పాటు ఖనిజములు చేరి, క్రమక్రమముగా ఎముక రాయియైనది. అట్టిదానిని శిలాజమందుము. రాయియైనను దాని ఆకారము చెడలేదు. లోపలి సన్నని అల్లికయు చెడలేదు.

మాలేరి యెముకల వార్తను 19వ శతాబ్ది నడుమ నాగపురముననుండిన స్టీఫెన్ హిస్లాప్ అను పాదిరీ బయటి లోకమునకు తెలిపెను. 1881లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ లోయయంతటి రాళ్లను వర్ణించుచు గ్రంథము వెలువరించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారి పిలుపుమీద పమేలా రాబిన్సన్ అను ఆంగ్లవిదుషి వచ్చి, అచ్చట భూగర్భశాఖకు పునాది వేసెను. ఆ సంస్థ పండితులు ఏటేట వచ్చి మన యూళ్లలో గుడారములు వేసికొని త్రవ్విరి. 1958 మొదలు 1961 వరకు కోటపొరలో వారికి ఒక మహాశాకాహారి యెముకలు దొరికినవి. దాని తొడయెముక యొక్కటే దాదాపు 1.7 మీటర్లు; నిలువెత్తు మనుష్యునితో సమానము. వంగభాషలో 'బడ పా' యనగా పెద్దకాలు. ఆ కాలినిబట్టియు, అది రవీంద్రనాథ ఠాకూరుగారి శతజయంతి సమయమగుటంబట్టియు, 1975లో దానికి బడపాసారస్ టాగోరై యని పేరిడిరి. కాలే ఆ జంతువునకు పేరు తెచ్చినది.

అయితే నేటి నా విషయము ఆ శాకాహారులైన మహాకాయములు కావు. వానికన్నను పూర్వమే, ఎర్రని మాలేరి మైదానములలో తిరిగిన చిన్న వేటజంతువులు. డైనోసారులు, లేక మన పత్రికలు వ్రాయు రాక్షసబల్లులు అను మహాజాతి అప్పుడప్పుడే పుట్టుచుండెను. వేటజంతువనగానే మనము కోరలను, పంజాలను తలతుము. కాని ఈ జాతికి లోకము నేలునంతటి బలము కోరలవలన రాలేదు. మొసలికిని కోరలున్నవి. భేదము కాలిలో నున్నది. ఆ సంగతి తెలియుటకు పుస్తకములు అక్కరలేదు. మీ చుట్టునున్న ప్రాణులను చూచిన చాలును.

తొండను చూడుడు, ఉడుమును చూడుడు. దాని తొడ శరీరమునుండి ప్రక్కకు చాచియుండును. మోకాలు బయటికి వంగియుండును. నడచునప్పుడు పొట్ట నేలకు దగ్గరగా, ఒడలంతయు పామువలె అటునిటు ఊగును. అట్లూగుటచే ఊపిరితిత్తులు ఒకప్రక్క నొక్కబడి, పరుగెత్తుచు నిండుగా గాలి పీల్చుట కష్టమగును. అందుచేతనే తొండ కొంచెము దూరము ఉరికి ఆగిపోవును. ఎద్దును చూడుడు. దాని కాళ్లు స్తంభములవలె శరీరము క్రిందనే యున్నవి. బరువు నేరుగా నేలకు దిగును. రాక్షసబల్లి బల్లియని పేరు పొందినను, నిలువులో బల్లికన్నను ఎద్దునకు దగ్గర.

ఈ మాట తొడయెముకను చూచియే చెప్పగలము. దాని పైకొస తిన్నగా పోక లోపలిప్రక్కకు మడిచిన మోచేయివలె తిరిగియుండును. తుంటియెముకలో అది కూర్చుండు గుంట కూడ వింతయైనది. మన తుంటిగుంట రోలువంటిది, అడుగున్నది. రాక్షసబల్లి తుంటిగుంటకు అడుగు లేదు. బండిచక్రమునకు ఇరుసు దూరు తూటువలె ఆరపార నుండును. బరువంతయు పైయంచుమీద ఆనును. లోపలికి తిరిగిన తొడకొసయు, అడుగులేని గుంటయు చూచినచో, ఆ జంతువు కాలు క్రిందనే నిలిపి నడచినదని నిశ్చయింపవచ్చును. గుంటను చూచి ఇరుసును, ఇరుసును చూచి చక్రమును చెప్పు వడ్రంగి పని యిది.

రెండవ గురుతు. తొడయెముక వెనుకవైపున, పైసగములో, ఒక గట్టు లేచియుండును. కండ అంటుకొనుచోట ఎముక గరుకుబారి లేచుట సహజము. ఆ గట్టున కంటుకొన్న కండ యెక్కడిది? తోకలోనిది. నేటి మొసలియందును ఆ కండ యున్నది. తోకయెముకల ప్రక్కలనుండి బయలుదేరి, తొడకు అంటుకొని, కాలిని బలముగా వెనుకకు లాగును. అప్పుడు శరీరము ముందుకు దూకును. కావున వేటబల్లికి తోక అలంకారము కాదు, ఈగలు తోలుకొనునదియు కాదు. అది పరుగునకు బలమిచ్చు సాధనము. రెండుకాళ్లపై పోవు జంతువునకు వెనుకబరువై తూకము నిలుపునది కూడ. తొడమీది చిన్నగట్టును చూచి, దొరకని తోక బలమెంతటిదో ఊహింపగలము.

మూడవది కొలత. ఏనుగుకు తొడ పొడవు, మోకాలినుండి చీలమండ వరకు గల భాగము పొట్టి. అది బరువు మోయు కాలు. జింకకు తొడ పొట్టి, క్రిందిభాగము పొడవు. అది పరుగెత్తు కాలు. పైన కండబలము దగ్గరగా పేర్చి, క్రింది భాగమును తేలికగా పొడుగుగా చేసినచో, కొద్ది ఊపుతో పెద్ద అంగ పడును. పశువుల సంతలో కాళ్లు చూచి ఎద్దు పనికి ఆగునో, పరుగునకు ఆగునో చెప్పు పెద్దలు మీలో ననేకులుందురు. శాస్త్రజ్ఞుడు చేయునదియు అదియే. అతని సంత మాత్రము 22 కోట్ల యేండ్ల వెనుకటిది.

నాలుగవది చీలమండ. మన పాదము అన్ని వైపులకు కొంత తిరుగును. వేటబల్లి చీలమండలో అట్టి వెసులుబాటు లేదు. పైవరుస యెముకలు పిక్కయెముకకు బిగిసియుండును. వానిలో పెద్దదాని నుండి నాలుకవంటి మొన యొకటి పైకి లేచి, పిక్కయెముక ముందరితట్టున అతుకుకొనియుండును. పాదము ఆ క్రింద తలుపు బందువలె ముందు వెనుకలకు మాత్రమే కదలును. ప్రక్కకు మెలిపడని కీలు వేగముగా పరుగెత్తువానికి మేలు. నాలుకమొన గల చీలమండ యెముక దొరికినచో, శాస్త్రజ్ఞునికి అది రాజముద్రవంటిది.

ఇదంతయు కంటితో చూడవలెనన్న మీ యింటి కోడిని చూడుడు. దాని కాలిలో వెనుకకు వంగు చోటును చూచి మోకాలు వెనుకకు తిరిగినదని పిల్లలు నవ్వుదురు. అది మోకాలు కాదు, చీలమండ. నిజమైన మోకాలు పైన ఈకలలో దాగియున్నది. కోడి మడమమీద నడువదు, వ్రేళ్లమీదనే నడచును. దాని చీలమండ పైయెముకలు పిక్కయెముకలో పూర్తిగా కలిసిపోయినవి. మాంసాహారులైన రాక్షసబల్లుల వంశములో నొక శాఖయే పక్షులైనదని నేటి శాస్త్రజ్ఞుల సిద్ధాంతము. పెరటిలో గింజలేరుకొను కోడి ఆ వంశపుదే. వేటబల్లి కాలియెముకల లోపల బోలుగా, గోడలు పలుచగా నుండుట గూడ పక్షితోడి చుట్టరికమును చెప్పుచున్నది.

ఎముకను పలుచగా కోసి, వెలుతురు దూరునంతవరకు అరగదీసి, సూక్ష్మదర్శినిలో చూచినచో మరికొంత తెలియును. చెట్టు మొద్దులోవలె కొన్ని యెముకలలో ఏటేటి పెరుగుదల గీతలుండును. వానిని లెక్కించి జంతువు వయస్సును, ఎంత వేగముగా పెరిగినదియు అంచనా వేయుదురు. రాయియైన యెముక తన జాతకమును లోపల దాచుకొనియున్నది. చిన్ననాడు నేను బండపై పగులగొట్టినది ఆ జాతకమునే కావచ్చును.

ఇక మన మాలేరి మట్టిలో దొరికిన రెండు వేటజంతువుల కథ వినుడు. మొదటి కథలో ఒక పొరపాటున్నది, దానిని దాచరాదు. శంకర్ ఛటర్జీ అను శాస్త్రజ్ఞుడు 1987లో మాలేరి యెర్రమన్నునుండి వచ్చిన కొన్ని చిన్నయెముకలను వర్ణించి, ఇది మాంసాహారి రాక్షసబల్లియని ప్రకటించెను. అందు దవడముక్కలు, వెన్నుపూసలు, ఒక తొడయెముక, ఒక చీలమండ యెముక యున్నవి. ఆలిక్ వాకర్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుని గౌరవార్థము వాకేరియా యని పేరు పెట్టెను. ఆ పేరు అంతకుముందే మరియొక ప్రాణి కున్నదని తెలిసి, 1994లో ఆల్వాకేరియా యని మార్చిరి.

2005లో రెమెస్, రౌహుట్ అను జర్మనీ శాస్త్రజ్ఞులు ఆ యెముకలను మరల ఒక్కొక్కటిగా పరీక్షించిరి. తేలిన దేమనగా, ఆ యెముకలన్నియు ఒక్క జంతువువి కావు. దవడముక్కలొక జాతివి, వెన్నుపూసలలో ననేకము వేరొక జాతివి. రాక్షసబల్లిదని నిలిచినవి ప్రధానముగా ఆ తొడయెముకయు, చీలమండ యెముకయు. ముఖము సాక్ష్యము వీగిపోయినది; కాలి సాక్ష్యము నిలిచినది. ఐతే ఆ కాలు గల చిన్నజంతువు మాంసమే తినెనని గట్టిగా చెప్పుట కష్టమైనది. పండ్లు గల దవడ దానిది కాకపోయెను గదా.

ఇట్టి కలగాపులగము ఇక్కడనే జరిగినదని తలపవలదు. జబల్పూరు దగ్గర దొరికిన తుంటి, పిక్కయెముకలతో పాటు కొన్ని కవచపు పలకలను కలిపి, 1920 దశకమున మాట్లీ అను శాస్త్రజ్ఞుడు కవచము గల జంతువుగా లామెటాసారస్ అని పేరిడెను. పిమ్మట చూడగా తుంటియు కాలును మాంసాహారివి; పలకలు వేరు జంతువువి. అక్కడను సత్యము చెప్పినది కాలే.

ఎముకలు ఎట్లు కలిసిపోవునో తెలియుటకు మన మాలేరిలోనే చక్కని నిదర్శనమున్నది. మొసలివంటి ముఖము గల పారాసూకస్ అను జంతువుల ఎముకలగూళ్లు రెండు ప్రక్కప్రక్కగా దొరికినవి. వాని పొట్టలుండు చోట మరియొక చిన్న సరీసృపము యొక్క ఎముకలున్నవి. అది వాని యాహారమని తెలిసినది. ఆ చిన్నదానికి 1980లో మాలేరిసారస్ అని పేరిడిరి. ఇప్పుడాలోచింపుడు. ఎవరైన తెలియక ఆ యెముకలను గంపకెత్తి యింటికి తెచ్చియుండినచో ఏమగును? తిన్నదియు, తినబడినదియు ఒక్క జంతువై పోయెడిది. ఏ యెముక ఏ యెముక ప్రక్కన, ఏ వైపు తిరిగి, ఏ పొరలో పడియున్నదో ఆ సంగతియే సగము సాక్ష్యము.

రెండవ కథ నిన్న మొన్నటిది. ఆదిలాబాదు ప్రాంతమున అన్నారము అను గ్రామము దగ్గర, మాలేరి పైపొరలో, గణాంకశాస్త్ర సంస్థకు చెందిన టి. ఎస్. కుట్టి గారికి దశాబ్దములకు పూర్వమే ఒక యసంపూర్ణమైన ఎముకలగూడు దొరికెను. వెన్నుపూసలును, కాలు తగులుకొను తుంటియెముకలును అందు ముఖ్యమైనవి. అది కలకత్తాలో భద్రముగా నుండెను. 2025లో అర్జెంటీనా, బ్రెజిల్ దేశముల శాస్త్రజ్ఞులును, ఛటర్జీగారును కలిసి, దానిని క్రొత్త వేటజంతువుగా నిర్ణయించి మాలేరిరాప్టర్ కుట్టియై యని పేరిడిరి. లాటినుభాషలో రాప్టర్ అనగా దోచుకొనువాడు. మాలేరి దోపిడికాడు, కుట్టిగారు కనుగొన్నవాడు అని ఆ పేరున కర్థము.

ఇది హెరెరాసారులు అను ప్రాచీన మాంసాహారుల గుంపులోనిది. ఆ గుంపునకు ఆ పేరెట్లు వచ్చినది? దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమున విక్టోరినో హెరెరా అను మేకల కాపరి యుండెను. ఎండిన కొండలలో అతడు ఆ యెముకలను చూచి శాస్త్రజ్ఞులకు చూపెను. 1963లో రెయిగ్ అను పండితుడు ఆ కాపరిపేరనే జంతువునకు హెరెరాసారస్ అని నామకరణము చేసెను. పొట్టితొడ, పొడవైన పాదము, నడుమ మూడు బలమైన వ్రేళ్లు, ఇరుప్రక్కల రెండు చిన్నవ్రేళ్లు. వేగముగా పరుగెత్తు వేటగాని కాలు. తల సంపూర్ణముగా దొరికినది 1988లో. అంతవరకు కాలు, తుంటియే దానిని గూర్చి మాటాడినవి. ఈ గుంపు మాంసాహారి బల్లుల వంశములోనిదా, వంశము చీలకముందు విడిపోయిన శాఖయా యను వాదము నేటికిని తెగలేదు. వారి తుంటిలో, చీలమండలో పాతరీతులును క్రొత్తరీతులును కలిసియుండుటయే దీనికి కారణము.

అర్జెంటీనా యెక్కడ, అన్నారమెక్కడ యని మీరడుగవచ్చును. ఆ కాలమున నడుమ సముద్రము లేదు. భూఖండము లన్నియు కలిసి ఒకటిగా నుండెను. పరుగెత్తు కాళ్లు గల జంతువునకు ఇక్కడినుండి అక్కడికి నేలదారి యుండెను. దక్షిణ అమెరికాలోని ఆ పాత హెరెరాసారులకును, ఉత్తర అమెరికాలోని తరువాతివానికిని నడుమ కాలమున నొక ఖాళీ యుండెడిది. మన యన్నారపు జంతువు ఆ ఖాళీని పూరించుచున్నది. ముక్కుగల రింకోసారు లను శాకాహారులు మాలేరి దిగువపొరలో విరివిగా దొరకి, తరువాత లోకమంతట నశించినవి. ఆ మార్పును దాటి హెరెరాసారులు మన దక్షిణఖండములలోను నిలిచినవని దీనివలన తెలిసినది. కొన్ని పూసలు, కొంత తుంటి, అంతటి చరిత్రను దిద్దినవి.

ఒక సందేహము మీకు కలుగక మానదు. ఒక్క యెముకను పట్టుకొని ఇన్ని మాటలా యని. మీ సందేహము న్యాయమైనది. ఊరి పంచాయతిలో సాక్షిని మీరెట్లు విందురు? చూచినంత మట్టుకు చెప్పువానిని నమ్ముదురు. చూడనిది కలిపి చెప్పువానిని నిలదీయుదురు. కాలియెముక నిలువును చెప్పును, నడకను చెప్పును, వేగమునుగూర్చి కొంత, బరువునుగూర్చి కొంత చెప్పును. రంగు చెప్పదు, కూత చెప్పదు. ఏమి తినెనో నిశ్చయముగా చెప్పుటకు పండ్లు కావలెను. సాక్షి యెంతవరకు చెప్పెనో అంతవరకే గ్రహించుట శాస్త్రధర్మము. ఆల్వాకేరియా విషయమున పొరపాటు కనబడగానే దిద్దికొనిరి. అది శాస్త్రమునకు అవమానము కాదు, మర్యాద.

పెద్దలారా! మీతో నాకు పని యిక్కడ నున్నది. ఈ శిలాజములను కనుగొనువారు పట్టణములలోని పండితులు మాత్రమే కారు. మొదట చూచువాడు మేకల కాపరి, చేను దున్నువాడు, బావి త్రవ్వువాడు, గనిలో పనిచేయువాడు. ఎర్రమన్ను నేలలో వానకాలము గడచిన వెంటనే వాగుగట్టులు తెగి క్రొత్తరాళ్లు బయటపడును. వానిలో రెండుకొసలను బుడిపెలున్న బరువైన రాయి, తెగినచోట జల్లెడవలె సన్నరంధ్రములు గల రాయి, వరుసగా పడియున్న గుండ్రని పూసలవంటి రాళ్లు కనబడిన, గడ్డపార ఎత్తవలదు, పొడిచేయవలదు, సంచిలో వేసికొని తేవలదు. ఉన్నచోటనే యుంచి, పైన మన్నుకప్పి, ప్రక్కన గురుతు పెట్టి, చేతనైన ఫోటో తీసి, తహసీలు కచేరికి గాని, హైదరాబాదునందలి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయమునకు గాని తెలుపుడు. పిల్లలకు చెప్పుడు, బడిపంతులుకు చెప్పుడు. రాకాసి బొక్కయని భయపడువారికి ఇది భయపడదగినది కాదనియు, అమ్మదగినది కాదనియు చెప్పుడు.

మాలేరి, ధర్మారము, యామనపల్లి, జక్లపల్లి, నంబాల. ఈ పేర్లు నేడు లోకమందలి శాస్త్రగ్రంథములలో జంతువుల పేర్లై, రాళ్ల పేర్లై నిలిచినవి. రాజులు శాసనములు వేయించి నిలుపుకొన్న కీర్తికన్నను ఇది దీర్ఘమైనది. ఆ యూళ్ల మట్టిలో ఇంకను చదువని సాక్ష్య మెంత యున్నదో!

మా తాతగారి చేనిగట్టులో నేను పారవేసిన ముక్కలకొరకు పెద్దవాడనైన పిమ్మట ఒకసారి పోయి వెదకితిని. గట్టు మూడుసార్లు తెగి మూడుసార్లు కట్టబడియున్నది. ముక్కలు దొరకలేదు. ఆ పాలేరు అప్పటికి లేడు. ముట్టవలదని అతడన్నమాట ఏ కారణమున నన్నను మంచిమాటయే. నేను విననైతిని. మీరైన వినుడని, మీ మనుమలకు వినిపింపుడని వేడుకొనుచున్నాను.